అల్లుడు నిలబడకూడని గుమ్మం

మా బావ మా ఇంటి తలుపుని మొదటిసారి కాలితో తన్నాడు. రెండోసారి పెరట్లోంచి వచ్చి వెనక తలుపుని గునపంతో పెకలించాడు. మూడోసారి ఆ శ్రమ కూడా పడలేదు. దొంగతాళం చేయించుకుని, పట్టపగలు సొంతింటికి వచ్చినట్టు వచ్చి, మంచం మీద పడుకున్న అక్కని జుట్టు పట్టుకుని హాల్లోకి ఈడ్చాడు. అక్క ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది ఆ రోజే.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నాళ్ళయింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ కింద నాకు చిన్న షాపుండేది. ఆఫీసులకీ, నర్సింగ్ హోములకీ, నగల దుకాణాల వెనక గదులకీ నంబరు నొక్కితే తెరుచుకునే తాళాలు బిగించడం నా పని. ఊళ్ళో ఎవరెవరి తలుపులకో కాపలా పెట్టాను గానీ, గుణదల కొండ కింద మా నాన్న కట్టిన ఇంటికి మాత్రం పాత ఇత్తడి తాళమే వేలాడేది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా. "ఆ బటన్ల తాళం మనకెందుకురా, మనమేమన్నా బ్యాంకా" అనేది అమ్మ. నాన్న పోయాక ఇంట్లో ఆవిడ మాటే చెల్లేది. స్కూలు టీచరుగా రిటైరైన మనిషి. ఎదురు చెబితే ఇప్పటికీ బెంచీ ఎక్కించేలా చూసేది.

బావది కంకిపాడు అవతల. చేపల చెరువులు లీజుకి తీసుకుని చేసేవాడు. వలలు లాగి లాగి చేతులు రోకళ్ళలా ఉండేవి. ఇంట్లో పులి, వీధిలో పిల్లి. బయటివాళ్ళతో మాట్లాడితే తేనె కారేది. "అత్తయ్య గారూ, మీ ఆరోగ్యం ఎలా ఉందండీ" అని అతను అడిగితే అమ్మ కరిగిపోయేది. అదే నోటితో, డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చిందని అక్కని అనకూడని మాటలని, తడి వలతాడుతో వీపు వాచేలా కొట్టేవాడు. అక్క నర్సు. ఆమె వీపు మీది దద్దుర్లకి ఆమే అద్దంలో చూసుకుంటూ మందు రాసుకునేది. ఇదంతా మాకు తెలిసేసరికి పెళ్ళయి చాలా ఏళ్ళయింది. తెలిసిన రోజునే నేను వెళ్ళి అక్కని స్కూటర్ మీద ఎక్కించుకుని తెచ్చేశాను. ఇప్పటికీ నేను చేసిన మంచి పనుల్లో అదొకటి అనుకుంటాను.

చెయ్యి విరిగాక స్టేషన్‌కి వెళ్ళాం. "మొగుడూ పెళ్ళాల గొడవకి మేమెందుకమ్మా, పెద్దమనుషుల్లో పెట్టుకోండి" అన్నారు. మా పెద్దమనిషి మామయ్య. అమ్మకి అన్న. అవనిగడ్డ దగ్గర ఉంటాడు. ఈ సంబంధం తెచ్చిన పుణ్యాత్ముడు కూడా ఆయనే. "మగాడన్నాక ఒక దెబ్బ కొడతాడు. దానికి ఇల్లు వదిలి వచ్చేస్తారా?" అన్నాడు. ఆ సాయంత్రమే బావ నా షాపుకి ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, ఈసారి వచ్చానంటే మీ అక్కని తీసుకెళ్ళడానికి కాదు" అని ఊరుకున్నాడు. ఎందుకో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఈసారి అతను ఇంట్లోకి వస్తే అక్క బతకదని నాకూ తెలుసు, అక్కకీ తెలుసు.

మర్నాడు షాపు మూసేసి నా సరంజామా అంతా ఇంటికి మోసుకొచ్చాను. అమ్మ వద్దనలేదు. అక్క చేతికి వేసిన కట్టు చూస్తూ కూర్చుంది.

వెనక తలుపు బావ పుణ్యమా అని ఎలాగూ విరిగింది కాబట్టి అక్కడ మేస్త్రీని పెట్టి ఇటుకలతో మూయించేశాను. కిటికీలకి ఇనప గ్రిల్సున్నాయి. ఇక మిగిలింది వీధి తలుపు. నాన్న ముచ్చటపడి చేయించిన టేకు తలుపు, గొడ్డలికి కూడా ఒక పట్టాన లొంగదు. గుమ్మం పైకమ్మికి డ్రిల్లింగ్ మెషీన్ ఆనించి నొక్కుతుంటే ఎర్రటి పొట్టు నా మొహం మీద రాలింది. నిజం చెబుతున్నాను, అది కొయ్యలా అనిపించలేదు నాకు. బావ నుదురే అనుకుని ఒక్కో బెజ్జం వేశాను. అక్క పక్కనే నిలబడి, "ఒరేయ్, గుమ్మం అవతలికి పోతుంది, కాస్త చూసుకో" అంది.

ఆ తాళం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. గుమ్మం పైన ఒక అయస్కాంతం ఉంటుంది. తలుపు పైభాగాన ఒక ఇనప పలక. కరెంటు ఉన్నంతసేపూ అయస్కాంతం ఆ పలకని పట్టుకుని వదలదు. నలుగురు మగాళ్ళు లాగినా రాదు. బయట గోడకి అంకెల బటన్ల డబ్బా ఉంటుంది. సరైన నంబరు నొక్కితే అయస్కాంతం కొన్ని క్షణాలు పట్టు వదులుతుంది. తలుపు మళ్ళీ మూశామా, ఠక్కున పట్టేస్తుంది. లోపల్నుంచి బయటికి రావడానికి నంబరు అక్కర్లేదు, ఒక స్విచ్చు నొక్కితే చాలు. కరెంటు పోతే తలుపు ఊడిపోకుండా అటక మీద బ్యాటరీ పెట్టాను. విజయవాడ వేసవి కోతలు నాకు కొత్తా?

లోపలి స్విచ్చుని తలుపు పక్కనే విడిగా పెట్టాలి. అదే పద్ధతి. అమ్మ ఒప్పుకోలేదు. "తిరునాళ్ళకి మొన్ననే సున్నం వేయించాను. గోడ తవ్వావంటే ఊరుకోను" అంది. ఫిబ్రవరిలో కొండ మీద మేరీమాత తిరునాళ్ళు. మా ఇల్లు కొండ కిందే కాబట్టి, దివిసీమ నుంచీ బందరు వైపు నుంచీ మా చుట్టాలందరూ దిగేది మా ఇంట్లోనే. వాళ్ళ ముందు గోడకి పుండు కనబడకూడదని అమ్మ పంతం. సరే అని, హాల్లో ఆ తలుపు పక్కన ముందునుంచీ ఉన్న పాత స్విచ్చుబోర్డులోనే ట్యూబులైటు స్విచ్చుకీ ఫ్యాను స్విచ్చుకీ మధ్య ఖాళీగా ఉన్న చోట దాన్ని బిగించాను. చూసేవాళ్ళకి అదీ ఒక లైటు స్విచ్చులాగే ఉండేది. పని తెలిసినవాడెవడూ అలా పెట్టడు.

నంబర్లు పెట్టేటప్పుడు అక్కనీ అమ్మనీ పక్కన నిలబెట్టుకున్నాను. కంపెనీవాళ్ళు పెట్టి పంపే నంబరు ప్రపంచమంతటికీ తెలుసు. ముందు దాన్ని చెరిపేసి మన పెద్ద నంబరు పెట్టుకోవాలి. ఆ పెద్ద నంబరు తెలిసినవాళ్ళే కొత్త నంబర్లు చేర్చగలరు, పాతవి తీసెయ్యగలరు. స్టారు నొక్కి, పెద్ద నంబరు నొక్కి, మనిషికో వరస సంఖ్య ఇచ్చి, వాళ్ళ నాలుగంకెలు నొక్కితే అది రెండుసార్లు కూస్తుంది. ఒప్పుకోకపోతే పొడుగ్గా ఏడుస్తుంది. అక్క ఒక్కసారి చూసి నేర్చేసుకుంది. అమ్మకి మాత్రం నాలుగంకెలు గుర్తుండవట.

"పాటల పుస్తకంలో ఏ కీర్తన ఏ నంబరో మొత్తం చెప్తావు కదమ్మా" అన్నాను.

"అవి కీర్తనలురా."

"అయితే రెండు కీర్తనల నంబర్లు పక్కపక్కన పెట్టుకో."

ఆ మాట నచ్చింది ఆవిడకి. అక్క పెళ్ళిలో పాడిన పాట ఒకటి, నాన్న సమాధి దగ్గర పాడిన పాట ఒకటి తీసుకుంది. నొక్కుతున్నప్పుడు పెదాలు కదిపి ఆ పాటల మొదటి మాటలు అనుకునేది. తలుపు క్లిక్కుమంటే చిన్నపిల్లలా నవ్వింది. "ఎవరికీ చెప్పకూడదు, చెబితే తాళం ఉన్నా లేనట్టే" అని నేను చెప్పిందీ ఆ రోజే. "నాకు తెలీదా?" అంది.

తిరునాళ్ళు వచ్చాయి. చుట్టాలు వచ్చారు. మొదటి పూట గడవకముందే మా ఇంటి నంబరు ఇంట్లో దిగిన ప్రతివాడికీ వచ్చేసింది. ఒకరు పాల కోసం వెళ్ళేవారు, ఒకరు కొండ మీది నుంచి పిల్ల ఏడుస్తోందని దిగొచ్చేవారు. మాటిమాటికీ తలుపు తియ్యలేక అమ్మ పాటల నంబర్లు పంచిపెట్టింది. అత్తయ్యలు పాడుకుంటూ మరీ నొక్కుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇది తాళమా, సంతా?" అని అరిచాను.

"చుట్టాలని వీధిలో నిలబెడితే ఏమనుకుంటారురా? ఉన్నది మూణ్ణాళ్ళు. పోయాక మార్చేసుకో" అంది అమ్మ.

మార్చేవాణ్ణి. కానీ బావ మూణ్ణాళ్ళు ఆగలేదు.

ఆ రోజు పెద్ద పండగ. అందరం పొద్దున్నే కొండెక్కాం. అక్క రానంది. మొగుణ్ణి వదిలేసి వచ్చిన మనిషిగా చుట్టాల మధ్య తిరగడం ఆమెకి ఇష్టం లేదు, పైగా అందరికీ మధ్యాహ్నం భోజనం వండాలి. చేతికట్టు విప్పి ఇంకా వారం కాలేదు. తలుపు ఉంది కదా అని నేనూ ధైర్యంగానే వెళ్ళాను.

లోపల జరిగింది అక్క తరవాత చెప్పింది. నేను కలిపిందేమీ లేదు.

వంటింట్లో చేపల పులుసు దించి, పెద్ద గిన్నెలో అన్నం గంజి వారుస్తోంది. వీధి తలుపు దగ్గర బటన్లు నొక్కిన చప్పుడు, తరవాత క్లిక్కు వినిపించాయి. "అప్పుడే దిగొచ్చేశావేంటమ్మా?" అంది వెనక్కి తిరక్కుండానే. జవాబు రాలేదు. తిరిగి చూస్తే నున్నగా గుండు గీయించుకుని, నెత్తికి గంధం పూసుకుని బావ నిలబడి ఉన్నాడు. ఒక క్షణం గుర్తు పట్టలేదట. చేతిలో వలతాడు చూసి గుర్తు పట్టింది.

మొదటి దెబ్బ మెడ మీద పడింది. రెండోది తప్పించుకోబోతే తల పట్టి అరుగుకేసి కొట్టాడు. ముందు పన్ను విరిగి సింకులో పడింది. కింద పడ్డాక డొక్కలో తన్నాడు. తాడు గొంతుకి వేసి బిగించబోయాడు. అక్క విరిగి అతికిన ఆ చేత్తోనే గంజి పట్టిన గిన్నెని అందుకుని అతని మీదికి విసిరింది. పొగలు కక్కే గంజి. ఛాతీ మీదా చేతుల మీదా పడింది. అతను పెట్టిన కేక వీధి చివరికి వినబడిందని పక్కింటావిడ చెప్పింది.

అక్క హాల్లోకి పరిగెత్తింది. అతను వెనకనుంచి జడ దొరకబుచ్చుకున్నాడు. స్విచ్చుబోర్డుకి మోచేతంత దూరంలో ఆగిపోయింది. వెనక్కి లాగుతున్నవాణ్ణి ముందుకి ఈడ్చుకుంటూ, మోచేత్తోనే మధ్య స్విచ్చు నొక్కింది. క్లిక్కుమంది. బలమంతా పెట్టి ముందుకి పడింది. జుట్టు కుదుళ్ళతో సహా ఊడి అతని చేతిలో ఉండిపోయింది. అక్క తలుపు తెరిచి, గుమ్మం దాటి, మళ్ళీ లాగేసింది. అయస్కాంతం ఠక్కున పట్టుకుంది.

పక్కింటావిడ కొండ మెట్ల దాకా పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది. ఎలా దిగానో నాకే తెలీదు, జనాన్ని తోసుకుంటూ వచ్చాను. వచ్చేసరికి అక్క మా గుమ్మం పక్కన, బటన్ల డబ్బాకి వీపు ఆనించి నిలబడి ఉంది. నోట్లోంచి రక్తం చీర మీదికి కారుతోంది. తల మీద ఒక పక్క జుట్టు లేదు, తడిగా ఎర్రగా ఉంది. లోపల బావ ఇల్లు పగలగొడుతున్నాడు.

కిటికీలోంచి చూశాను. టీవీ నేలకేసి కొట్టాడు. నాన్న ఫోటో కాళ్ళ కింద ఉంది. అన్నం గిన్నె, పులుసు గిన్నె హాల్లోకి తెచ్చి గోడలకి విసిరాడు. అమ్మ కాపాడుకున్న కొత్త సున్నం నిండా చింతపండు పులుసు. తలుపుని భుజంతో గుద్దాడు, తన్నాడు. కదల్లేదు. కరెంటు తాళమని అర్థమైంది కాబోలు, మీటరు దగ్గర ఫ్యూజు పీకేశాడు. ఫ్యాను ఆగిపోయింది గానీ తలుపు రాలేదు. బ్యాటరీ పని చేస్తోంది. అప్పుడిక పిచ్చెక్కినట్టు వంటింట్లోంచి కత్తిపీట ఎత్తుకొచ్చి తలుపుని నరకడం మొదలుపెట్టాడు.

అతని ఎడమ చెయ్యి స్విచ్చుబోర్డు మీదే ఉంది. ఊతానికి ఆనించి, కుడిచేత్తో నరుకుతున్నాడు. మూడు స్విచ్చుల్లో మధ్యది వేలికి తగిలితే చాలు, బయటికి వచ్చేస్తాడు. కిటికీ దగ్గర నుంచి నేను ఆ వేళ్ళవైపు చూడలేక చూస్తున్నాను. అతనికి అది తోచలేదు. బయట అంకెలున్నాయి కాబట్టి లోపలా అంకెలే ఉంటాయనుకున్నాడేమో, గోడలన్నీ వెతికాడు గానీ లైటు స్విచ్చుల జోలికి పోలేదు. మళ్ళీ నరికాడు.

నా చేతికి ఇనప రాడ్డు ఎక్కణ్ణుంచి వచ్చిందో గుర్తులేదు. "అక్కా, పక్కకి తప్పుకో. వీణ్ణి ఇవాళ చంపేస్తాను" అన్నాను. మాటవరసకి అనలేదు. లోపలికి వెళ్ళి ఆ గుండు పగలగొట్టాలనే ఉంది నాకు. అంత కోపం నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

"తలుపు తియ్యకు" అంది అక్క. పన్ను విరిగిన నోటితో మాట సరిగ్గా రావడం లేదు. "నువ్వు వాణ్ణి చంపి జైలుకెళ్తే రేపు నాకెవర్రా? కొండ మీద పోలీసులున్నారు. పిలిపించు. వాళ్ళు వచ్చేదాకా ఎవరూ నంబరు నొక్కకూడదు."

పక్కింటావిడ కొడుకుని బందోబస్తు పోలీసుల దగ్గరికి పంపాం. ఈలోపు చుట్టాలు ఒక్కొక్కరే దిగొచ్చారు. అందరికీ నంబరు తెలుసు. మామయ్య ముందుకొచ్చాడు. "తల్లీ, తప్పుకో. ఎంతైనా ఇంటి అల్లుడు. ఒళ్ళు కాలింది పాపం. లోపల బంధించి నలుగురిలో పరువు తీస్తావా? నేను మాట్లాడతాను" అంటూ అక్క భుజం మీంచి బటన్ల వైపు చెయ్యి చాచాడు. అక్క వంగి, గుమ్మం దగ్గరున్న చెప్పు తీసి, పెద్దాయనని మొహం మీద కొట్టింది. రెండు దెబ్బలు. ఆయన కళ్ళజోడు ఎగిరి మురిక్కాలవలో పడింది. అత్తయ్యలు కెవ్వుమన్నారు. మా వంశంలో మేనమామ మీద చెయ్యెత్తిన ఆడపిల్ల అంతకు ముందు లేదు. నాకు మాత్రం చాలా హాయిగా అనిపించింది.

ఆ హాయిలోనే నేను మామయ్య కాలరు పట్టుకున్నాను. "నంబరు వాడికి ఎవరు చెప్పారు? నువ్వే చెప్పావు. సంబంధం తెచ్చావు, చావు కూడా తెచ్చావు" అని గోడకేసి నొక్కాను. ఆయన కాళ్ళు గాల్లో కొట్టుకుంటున్నాయి. ఇంకో నిమిషం ఆగితే ఏమయ్యేదో.

"మామయ్యని వదులు. నేనే చెప్పాను."

అమ్మ. అందరికంటే వెనక, మోకాళ్ళ నొప్పులతో మెల్లిగా దిగొచ్చింది. చేతిలో కొబ్బరి చిప్పలు, సగం కాలిన కొవ్వొత్తి ఉన్నాయి. పొద్దున మా అందరికీ వెనకబడి కొండెక్కుతుంటే బావ కనబడ్డాడట. మొక్కు అని చెప్పి గుండు చేయించుకున్నాడట. మెట్ల మీద ఆవిడ బుట్ట అందుకుని పైదాకా మోశాడట, ఆ జనంలోనే కాళ్ళ మీద పడి ఏడ్చాడట. "ఇంటికెళ్ళి దాని కాళ్ళు కూడా పట్టుకుంటాను అత్తయ్య గారూ. చుట్టాలందరూ వచ్చిన రోజు గుమ్మం బయట నిలబడి బెల్లు కొట్టమంటారా నన్ను?" అన్నాడట.

"పండగపూట అల్లుడు వీధిలో నిలబడ్డం ఏంటని..." అంది అమ్మ. అక్క తల మీద జుట్టు లేని చోటు చూస్తోంది. చేతిలోని కొబ్బరి చిప్పలు కింద పడ్డాయి. అక్క ఆవిడ వైపు చూసింది గానీ డబ్బా ముందు నుంచి కదల్లేదు. అమ్మ కూడా దగ్గరికి రాలేదు. కన్నతల్లి కూడా నంబరు నొక్కడానికే వస్తుందేమోనన్నట్టు చూసింది అక్క. ఆ చూపు నేను మర్చిపోలేను. అమ్మ అయితే మరీ.

పోలీసులు వచ్చారు. ఎస్సైకి సంగతి చెప్పి, అక్కని పక్కకి జరిపి, నేనే నంబరు నొక్కాను. తలుపు తెరుచుకోగానే బావ కత్తిపీటతో సహా దూకాడు. ముందున్న కానిస్టేబుల్ అరచెయ్యి తెగి రక్తం చిమ్మింది. అంతే, నలుగురూ అతన్ని కింద పడేసి లాఠీలతో బాదారు. గంజికి బొబ్బలెక్కిన ఛాతీ మీద, చందనం గుండు మీద, ఎక్కడ పడితే అక్కడ. అతను "అత్తయ్య గారూ" అని అరిచాడు. అమ్మ మొహం తిప్పుకుంది. అక్క చెయ్యి విరిగితే కుటుంబ గొడవ, కానిస్టేబుల్ చెయ్యి తెగితే హత్యాయత్నం. ఈసారి పెద్దమనుషుల మాట ఎవరూ ఎత్తలేదు.

మర్నాటికి చుట్టాలు ఎవరి ఊళ్ళకి వాళ్ళు సర్దుకున్నారు. అక్క తలకి కట్టు, పెదవికి కుట్లు. గోడల మీది పులుసు మరకలు అమ్మ వంగి కడుగుతోంది. అక్క నన్ను గుమ్మం దగ్గరికి పిలిచి, "అన్నీ చెరిపెయ్" అంది. డబ్బా విప్పి మొత్తం చెరిపేశాను. అది మళ్ళీ కంపెనీ నుంచి వచ్చినట్టయింది.

"ఇప్పుడు నువ్వు అటు తిరుగు" అంది.

"నేను బిగించిన తాళమే!"

"తిరగరా."

తిరిగాను. వెనక బటన్ల చప్పుడు వినిపించింది. రెండుసార్లు కూసింది. పెద్ద నంబరు మార్చేసింది, తనకొక నంబరు పెట్టుకుంది. "నువ్వొస్తే బెల్లు కొట్టు, తీస్తాను" అంది నాతో. నాకు చివుక్కుమంది. ఒప్పుకుంటున్నా. తరవాత అమ్మని పిలిచింది. "అమ్మా, నీకు కొత్త నంబరు పెడతాను, రా."

అమ్మ గుడ్డ పిండుతూ లేచి నిలబడింది. "నాకొద్దు. నేనూ బెల్లు కొడతాను" అంది.

అది ఆ రోజుకి అన్న మాటనుకున్నాం. కాదు. బావ జైలు నుంచి బెయిలు మీద వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. రెండు మూడుసార్లు వీధి చివర కనబడ్డాడు కూడా. తలుపు దాకా రాలేదు. ఇన్నేళ్ళలోనూ అమ్మ, తన భర్త కట్టిన ఇంటి ముందు, చర్చిలో పూజ నుంచి వచ్చినా కూరగాయలు తెచ్చినా, బెల్లు కొట్టి నిలబడేది. అక్క డ్యూటీలో ఉంటే మెట్టు మీద కూర్చునేది. పోయే వచ్చేవాళ్ళు, "ఏం టీచరు గారూ, తాళం పోయిందా?" అనేవారు. "అమ్మాయి వస్తుందండీ" అనేది.

నేను వేరే ఇంటికి మారాక, ఒకసారి ముసురు పట్టిన రోజు వెళ్ళాను. కరెంటు లేదు, బెల్లు మోగడం లేదు. అమ్మ గుమ్మం ముందు గొడుగు పట్టుకుని నిలబడి ఉంది, చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. రాత్రి డ్యూటీ చేసి అక్క లోపల నిద్రపోతోందట. తలుపు తట్టి లేపడం ఇష్టం లేక అలాగే నిలబడింది. నాకు కోపం ఆగలేదు.

"ఎన్నేళ్ళమ్మా ఇలా? దాన్ని నంబరు అడగొచ్చు కదా. అడిగితే చెప్పదా?"

"చెప్తుంది."

"మరి అడుగు!"

అమ్మ గొడుగు నా నెత్తి మీదికి కూడా వచ్చేలా జరిపింది. "రేపు ఎవరైనా వచ్చి ఈ గుమ్మంలో ఏడుస్తూ నిలబడితే, నేను మళ్ళీ చెప్తానురా. నా సంగతి నాకు తెలుసు" అంది.

బటన్ల మీద వాన నీళ్ళు కారుతున్నాయి. నేను బిగించిన డబ్బా, నా చేత్తో వేసిన బెజ్జాలు, నంబరు నాకూ తెలీదు. అక్క లేచేదాకా ఇద్దరం ఆ గొడుగు కింద నిలబడ్డాం.